చెమ్మ తినేస్తున్న మన ఊరి ఫొటోలు

అయ్యా,

మా నాన్నగారికి విశాఖ వన్ టౌన్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో ఉండేది. ఆయన పోయాక, మొన్న ముసురు రోజుల్లో బీరువా సర్దుతుంటే 1974లో కొన్న యాషికా మ్యాట్ 124 జి కెమెరా బయటపడింది. తోలు కేసు నిండా పచ్చటి బూజు. లెన్స్ వెనక టార్చిలైటు పెట్టి చూస్తే లోపల సాలెగూడులా తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి. కెమెరాలు బాగుచేసే ఆయన విప్పి తుడిస్తే బూజు పోయింది గానీ దాని మచ్చ పోలేదు. బూజు వదిలే ఆమ్లం లెన్స్ పూతనూ, గాజునూ తినేస్తుంది. తిన్నాక చేసేదేమీ ఉండదు.

గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు మొదలవుతుంది. మన ఊళ్లో వానాకాలమంతా 70 శాతం దాటే ఉంటుంది, పైగా సముద్రపు ఉప్పు గాలి. తోలు కేసులో భద్రంగా దాచామనుకుంటాం కానీ చెమ్మను పట్టి ఉంచేది ఆ తోలే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గింజలు వేసి పెట్టాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఇంట్లో ఎవరికి వాళ్లు చేసుకోగలిగింది ఇంతే. నేను రాస్తున్నది దీని గురించి కాదు.

నెగెటివ్‌ల పెట్టెలు తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన కొట్టింది. ఆ కాలపు ఫిల్మ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసింది. వేడికీ తేమకీ అది విరిగిపోతూ వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మ్‌నీ పాడుచేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ గదిలోకి నీళ్లు వచ్చాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడే పట్టించుకుని ఉంటే కొన్నయినా దక్కేవి. పెళ్లిళ్లు, బడి గ్రూప్ ఫొటోలు, పోర్టు కూలీల గుర్తింపు కార్డు ఫొటోలు, వాటి వెనక పెన్సిల్‌తో రాసిన పేర్లు. ఇవి మా ఒక్క ఇంటి ఆస్తి కాదు కదా!

కాకినాడ, మచిలీపట్నం, భీమిలి, శ్రీకాకుళం, ఎక్కడ చూసినా పాత స్టూడియోలు మూతబడ్డాయి. వాళ్ల పిల్లలు ఆ పెట్టెలను అటక మీద పడేశారు, లేదా పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేశారు. వాళ్లను తప్పుపట్టలేం, ఎక్కడ పెట్టాలో తెలియదు.

అందుకే ప్రభుత్వాన్ని కోరేది ఒకటే. కోస్తా జిల్లాల్లో ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో, మ్యూజియంలోనో ఒక్క గది కేటాయించండి. అందులో ఏసీ, తేమను తగ్గించే యంత్రం, రెండు స్కానర్లు, కరెంటు పోతే ఆగకుండా జనరేటర్ ఉండాలి. పాత నెగెటివ్‌లు తెచ్చినవాళ్లకు రసీదిచ్చి, స్కాన్ చేసి, అసలువి చల్లగా, పొడిగా దాచాలి. గోడకు వేలాడే ఫ్రేముల్లో గాజుకు అతుక్కుపోయిన ఫొటోలనూ చూపించుకునే వీలుండాలి. వాటిని ఇంట్లో పీకితే బొమ్మ గాజు మీదే ఉండిపోతుంది. ఇది వచ్చే వానాకాలం లోపే జరగాలి.

మా ఇంట్లో ఇంకా వాసన పట్టని పెట్టెలు నాలుగున్నాయి. గది తెరిచిన రోజు వాటిని నేనే మోసుకొస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం