బుధవారం కూడికకు ముందు యోబు 28 చదవండి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. బుధవారం కూడికకు వచ్చే ముందు బైబిల్లోని యోబు గ్రంథం 28వ అధ్యాయం నెమ్మదిగా చదువుకుని రండి, 28 వచనాలే.

మొదటి 11 వచనాల్లో ఉన్నది గని పని. మనుషులు చీకట్లోకి దిగి, వేలాడుతూ, కొండలను కుదుళ్ల దాకా తవ్వి వెండి, బంగారం, నీలమణులు తీస్తారు. డేగ కంటికీ కనబడని దారి అది. ఇంత చేయగల మనిషికి జ్ఞానం మాత్రం దొరకదు. సముద్రాన్ని అడిగితే నా దగ్గర లేదంటుంది. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది. ఎందుకంటే ఇది పది మంది పిల్లలను పోగొట్టుకున్న తండ్రి యోబు కథ. చివరి వచనంలో దేవునియందు భయభక్తులే జ్ఞానం అని ఉంది. కానీ 'నాకే ఎందుకు' అన్నదానికి అక్కడా జవాబు లేదు. ఆ ఖాళీని తొందరపడి పూడ్చవద్దని నా మనవి.

వీలైతే అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో 1:26, 2:2-3 కూడా చూడండి. మర్మం అంటే మనకు తెలియకూడనిది అనుకుంటాం. పౌలు మాత్రం, మరుగై ఉండి ఇప్పుడు బయలుపరచబడినది అంటాడు, ఆ మర్మం క్రీస్తే అంటాడు.

కళ్లు సరిగా కనబడని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దయచేసి చదివి వినిపించండి.