తమ్ముడి జబ్బు పేరు చెప్పిన డాక్టర్ గారికి

మొన్న ఆదివారం తమ్ముడు ఎవరూ గుర్తు చేయకుండానే మందుల డబ్బా తెచ్చుకుని, అమ్మ పక్కన కూర్చుని మాత్ర వేసుకున్నాడు. అప్పుడే అనిపించింది, ఈ నాలుగు మాటలు రాయాలని.

మూడేళ్లపాటు వాడికొచ్చిన జబ్బేమిటో మాకు తెలియదు. మొదట చూపించిన చోట చీటీ రాసిచ్చేవారు, అడిగితే "నరాల బలహీనత, టెన్షన్ పడకండి" అనేవారు. బలహీనతే కదా అని, కాస్త తేరుకోగానే మందులు మేమే మాన్పించేశాం. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ నిద్ర లేదు, గోడవైపు తిరిగి ఎవరితోనో మాటలు. అమ్మ తాయెత్తు కట్టించింది. నేనైతే బద్ధకమని నానా మాటలూ అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

చివరికి విశాఖలో మీ దగ్గరికి తీసుకొస్తే, మీరు ముందు మమ్మల్ని బయట ఉండమని, వాణ్ణి అడిగారట, "మీవాళ్లకు ఏం చెప్పమంటావు, ఏం వద్దంటావు?" అని. జబ్బు పేరు, మందుల సంగతి చెప్పమన్నాడు. తన చెవిలో వినిపించే గొంతులు ఏమంటాయో మాత్రం వద్దన్నాడు. అది మీరు ఇంతవరకూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తర్వాత వాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుని "దీన్ని స్కిజోఫ్రెనియా అంటారు" అన్నారు. "నా పెంపకం వల్లేనా?" అని అమ్మ అడిగితే, "కాదమ్మా, మీరు చేసిన తప్పేమీ లేదు" అన్నారు. అమ్మ అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మందులు ఆపితే ఎందుకు తిరగబెడుతుందో, నిద్ర తగ్గడం మొదలవగానే ఎందుకు తీసుకురావాలో ఆ రోజే మాకు అర్థమైంది.

అక్కడి సోషల్ వర్కర్ గారికి కూడా దండాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి ఆయనే చెప్పారు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. కానీ తను నమ్మిన ఒకరిని తన తరఫు మనిషిగా, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే, ఆ మనిషికి చూసుకోవడానికి కావలసినంత చెప్పవచ్చట. ఎప్పుడైనా మార్చుకోవచ్చు కూడా. తమ్ముడు నా పేరు రాశాడు. అన్ని తిట్లు తిన్నాక కూడా నా పేరే రాశాడు.

ఒక అర్ధరాత్రి కంగారుపడి 14416 నంబరుకు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేస్తే, తెలుగులో ఓపిగ్గా మాట్లాడి ధైర్యం చెప్పిన ఆ అమ్మాయికి కూడా నా కృతజ్ఞతలు.

ఇదంతా పెట్టేముందు తమ్ముడికి చదివి వినిపించాను. ఒక వాక్యం వద్దక్కా అన్నాడు. తీసేశాను.