లీటరుకు పది రూపాయలు: మా గానుగ లెక్క

అనంతపురంలో మా గానుగ నూనె వాడుతున్న అందరికీ నమస్కారం. ఉగాది నుంచి దసరా వరకు అమ్మే ప్రతి లీటరు వేరుశనగ నూనె మీద 10 రూపాయలు, మా చెల్లెలి కొడుకుకు వచ్చిన డుషెన్ మస్కులర్ డిస్ట్రోఫీ అనే కండరాల వ్యాధిపై జరిగే పరిశోధనకు ఇస్తామని కొట్టు ముందు బోర్డు పెట్టాం. 4,120 లీటర్లు అమ్ముడుపోగా 41,200 రూపాయలు వచ్చాయి. గల్లా పక్కనున్న డబ్బాలో మీరు వేసినవి 18,650. మొత్తం 59,850 రూపాయలను బెంగళూరులో ఈ వ్యాధి మీదనే పనిచేస్తున్న ఒక ట్రస్టుకు పంపాం. రసీదు గల్లా దగ్గరే ఉంది, ఎవరైనా చూడవచ్చు.

అయితే దసరాకు పంపవలసిన సొమ్మును సంక్రాంతికి గానీ పంపలేకపోయాను. లీటరు లెక్కన వచ్చిన డబ్బును విడిగా ఉంచకుండా వ్యాపారపు ఖాతాలోనే వదిలేసి, కొత్త పంట కాయలు కొనేటప్పుడు అందులోంచి వాడుకున్నాను. తిరిగి జమ చేసినా, అది తప్పే.

బోర్డు మీద ‘బాలుడిని కాపాడండి’ అని రాయించడం రెండో తప్పు. ఈ డబ్బు మావాడి వైద్యానికని చాలామంది అనుకున్నారు. పైగా వాడి ఫొటో కూడా పెట్టాం. తొమ్మిదేళ్లవాడు, ఒకరోజు కొట్టుకు వచ్చి, “మామా, అది తీసేయ్, బడిలో అందరూ అడుగుతున్నారు” అన్నాడు. అదే రోజు తీసేశాను.

ఈ వ్యాధిలో కండరాలను నిలబెట్టే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారు కాదు. దాన్ని తయారుచేసే జన్యువు మనిషి జన్యువుల్లో అతి పొడవైనవాటిలో ఒకటి. అందులో ఎక్సాన్లనే ముక్కలు 79 ఉంటాయి. కొన్ని ముక్కలు లేకపోతే మిగతా వరుస కలవక, ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. పక్క ముక్కను కూడా దాటవేయించి వరుసను కలిపితే, పొట్టిదైనా కొంత పనికివచ్చే ప్రొటీన్ వస్తుందన్నది పరిశోధకుల ఆశ. 51వ ముక్కను దాటించే మందుకు అమెరికాలో 2016లో అనుమతి లభించింది గానీ, మావాడిలో లేని ముక్కలు వేరు కాబట్టి అది వాడికి పనికిరాదు. ప్రభుత్వం 50 లక్షలు ఇస్తుంది కదా అని కొందరు అడిగారు. అరుదైన వ్యాధుల విధానం కింద ఆ సాయం ఎంపికచేసిన ఆసుపత్రుల్లో చికిత్సకు ఇచ్చేది; వాడికి సరిపడే మందే లేనప్పుడు దాన్ని దేనికి అడగగలం? ప్రస్తుతానికి వాడికున్నవి స్టెరాయిడ్ మాత్రలు, ఫిజియోథెరపీ.

మేనరికం వల్లే వచ్చిందని అన్నవాళ్లకు కూడా ఒక మాట. మా చెల్లెలిది మేనరికమే. అయినా ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకు ఆ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది గనుక తండ్రి చుట్టమా, పరాయివాడా అన్న ప్రశ్నే లేదు. దాదాపు మూడో వంతు పిల్లల్లో తల్లికి లేని లోపం కొత్తగానే ఏర్పడుతుంది. దయచేసి మా చెల్లెలి ముందు ఈ మాట ఎత్తకండి.

వైద్యానికనుకొని డబ్బాలో వేసినవారు ఉగాదిలోగా వచ్చి అడిగితే, ఆ మొత్తాన్ని నా సొంత డబ్బుతో తిరిగి ఇస్తాను. ఈ ఏడాది కూడా లీటరుకు 10 రూపాయలు తీస్తాం, కానీ వేరే ఖాతాలో వేసి, నెలనెలా పంపుతాం. ఈ నెల నుంచి నూనె ధర లీటరుకు 15 రూపాయలు పెరిగింది. అది కాయల ధర వల్ల పెరిగినది, నిధి కోసం పెంచినది కాదు.