ఆలస్యమైన జాకెట్లు, సొరుగులో మాత్రలు

మన షాపులో జాకెట్లు కుట్టమని బట్ట ఇచ్చిన అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం.

వినాయక చవితి వెళ్లాక 12 రోజులు మన షట్టర్ దించి ఉంది. ‘అర్జెంటు పని మీద ఊరెళ్లాం’ అని కాగితం అంటించాను. అది అబద్ధం. నేను ఎక్కడికీ వెళ్లలేదు. వెనక వీధిలో మా ఇంట్లోనే, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకుని ఉన్నాను. దసరాకి ఇస్తానన్న జాకెట్లలో 19 మీకు పండగ దాటాక అందాయి. ఎందుకని అడిగిన వాళ్లకి తలో కారణం చెప్పాను. కార్తీకంలో ముహూర్తాలు మొదలవుతున్నాయి, మళ్లీ మీరు నన్ను నమ్మి పట్టుబట్టలు చేతిలో పెడతారు. అందుకే అసలు సంగతి చెప్పాకే కొత్త ఆర్డర్లు తీసుకోవాలనుకున్నాను.

ఏడాదిన్నరగా నాకు రోజూ తలనొప్పి. ఆ తలనొప్పికి నేను వేసుకుంటున్న మాత్రలే దాన్ని పెంచి పోషించాయి.

తలనొప్పి నాకు కొత్త కాదు. ఇంటర్ చదివే రోజుల నుంచి నెలకో, రెండు నెలలకో ఒకసారి తలకి ఒక పక్కనే పోటు వచ్చేది. వెలుతురు చూడలేకపోయేదాన్ని. వాంతి అయితే గానీ తగ్గేది కాదు. అమ్మ దాన్ని పార్శ్వపు నొప్పి అనేది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసి, చీకటి గదిలో పడుకోబెట్టేది. తెల్లారేసరికి లేచి తిరిగేదాన్ని.

షాపు పెట్టాక చీకటి గదిలో పడుకునే వీలు ఎక్కడిది? మగ్గం, అంటే బట్ట బిగించి ఎంబ్రాయిడరీ చేసే చట్రం, దాని దగ్గర కారిగర్లు (ఆ పనివాళ్లు) కూర్చుంటారు గానీ, డిజైన్ ముద్ర వేయడం, కటింగ్, ఆఖరి ఫినిషింగ్ అన్నీ నావే. ముద్ర వేయడం మీరెప్పుడూ చూసి ఉండరు. ట్రేసింగ్ పేపరు మీద గీసిన డిజైన్‌కి సూదితో సన్నగా బెజ్జాలు పెడతాం. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దుతాం. కాగితం లేపితే నెమలో, మామిడి పిందో చుక్కలు చుక్కలుగా బట్ట మీద పడుతుంది. చూడటానికి చాలా బావుంటుంది. కానీ ఆ కిరోసిన్ వాసన, నెత్తి మీద తెల్లటి ట్యూబ్‌లైటు, గంటల తరబడి వంచిన మెడ, మూడున్నరకి తినే భోజనం, ఈ నాలుగూ కలిస్తే నా తల ఊరుకునేది కాదు.

మొదట్లో నొప్పి వచ్చాకే మాత్ర వేసుకునేదాన్ని. అరగంటలో తగ్గేది, పని అయ్యేది. తర్వాత, ముహూర్తాల రోజుల్లో వస్తుందేమోనని ముందే వేసుకోవడం మొదలైంది. కటింగ్ బల్ల కింద సొరుగులో హుక్కుల డబ్బా, చాక్‌ముక్కలు, బాబిన్లు ఉంటాయి. వాటి మధ్యే మాత్రల షీటు. పొద్దున పదింటికి షట్టర్ తీసి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి, టీ తెప్పించుకుని, ఆ టీతోనే ఒకటి. సాయంత్రం నాలుగింటికి ఇంకోటి. పోయిన సంక్రాంతి నుంచి అయితే తలనొప్పితోనే నిద్ర లేస్తున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేది, తల దిమ్ముగా, ఎవరో పట్టీ బిగించినట్టు ఉండేది. పాచి ముఖంతోనే మాత్ర కోసం వెతుక్కునేదాన్ని.

శ్రావణంలో ఒక తప్పు జరిగింది. అది ఎవరికి జరిగిందో వాళ్లకి తెలుసు, నేను ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. పెళ్లికూతురి పట్టుచీరలో వచ్చిన జాకెట్టు ముక్క. రాణీ రంగు, చేతుల నిండా జర్దోసి. అదే రంగు ముక్క ఇంకొకరిది పక్కనే ఉంది. కొలతకి ఇచ్చిన రెండు ఆది జాకెట్లూ బల్ల మీదే ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నానికే రెండు మాత్రలయ్యాయి, అయినా కళ్ల వెనక పొడుస్తూనే ఉంది. ఒకరి ఆది పెట్టి ఇంకొకరి ముక్క కత్తిరించాను. చంక దగ్గర రెండంగుళాలు లోపలికి పోయింది. కత్తెర ఆగాకే అర్థమైంది. చీరలో వచ్చిన ముక్క బజారులో దొరకదు. రంగు కలిసే పట్టు వెతికి తెచ్చి, మూడు రాత్రులు ఇద్దరు కారిగర్లని కూర్చోబెట్టి మళ్లీ చేయించాం. పెళ్లికి అందింది, కానీ అది ఆ చీర జాకెట్టు కాదు. ఆ అమ్మాయి తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. “ఏమ్మా, ఒంట్లో బాగుండటం లేదా?” అని అడిగారు. పదిహేనేళ్లలో కత్తెర పట్టుకుని చేసిన తప్పుల్లో నన్ను ఏడిపించింది అదొక్కటే.

ఆవిడ అడిగిన ఆ మాటతోనే డాక్టరు దగ్గరికి వెళ్లాను. న్యూరాలజీ డాక్టరు. స్కాన్ రాస్తారని, మెదడులో ఏదో ఉందంటారని భయంతో వెళ్లాను. ఆయన ముందు కళ్లలో లైటు వేసి చూశారు, బీపీ చూశారు, నడిపించారు, మెడ తిప్పించారు. తర్వాత అడిగింది ఒక్కటే: “నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటారమ్మా?” అప్పుడప్పుడు అన్నాను. నిజంగానే అలా అనుకుంటున్నాను. మా అమ్మాయి పక్కనే కూర్చుని నా ఫోన్‌పే తెరిచింది. మందుల షాపుకి కట్టిన డబ్బులన్నీ వరసగా ఉన్నాయి కదా. మూడు నెలల్లో 15 షీట్లు. షీటుకి 10. అంటే 150 మాత్రలు. ఆ అంకె విన్నాక నాకు మాట రాలేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మైగ్రేన్ (అమ్మ చెప్పిన పార్శ్వపు నొప్పే) లాంటి తలనొప్పి ముందే ఉన్నవాళ్లు నొప్పి మాత్రలు తరచుగా వేసుకుంటూ పోతే, మెదడులో నొప్పిని పట్టుకునే వ్యవస్థ ఇంకా సున్నితం అయిపోతుందట. మాత్ర పని దిగిపోగానే నొప్పి తిరిగి లేస్తుంది. దానికి ఇంకో మాత్ర. అలా అప్పుడప్పుడు వచ్చేది రోజూ వచ్చేదవుతుంది. ఒక్కటే మందు ఉన్న పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ లాంటివి అయితే నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలయితే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఈ పరిస్థితి వస్తుందని లెక్క. ఎన్ని మాత్రలు వేసుకున్నారన్నది కాదు, ఎన్ని రోజులు వేసుకున్నారన్నది చూస్తారట. నా షీటు తిప్పి చూపించారు. పారాసెటమాల్, ప్రొపిఫెనజోన్, కెఫీన్, మూడూ ఒకే మాత్రలో. కెఫీన్ అంటే టీ కాఫీల్లో ఉండేదే. దాని మీద నేను రోజుకి ఆరు టీలు తాగుతున్నాను. మాత్రల వల్ల వచ్చే ఈ తలనొప్పి ఆడవాళ్లలోనే ఎక్కువగా చూస్తామని కూడా అన్నారు.

స్కాన్ రాయలేదు. రక్త పరీక్షలు రాశారు. ఇన్ని మాత్రలు మింగాను కదా, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో అని రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. దేవుడి దయ వల్ల రెండూ బాగానే ఉన్నాయి. ఛాతీలో మంట మాత్రం నిజమే. దానికి ఇన్నాళ్లూ మిరపకాయ బజ్జీలని తిట్టుకున్నాను.

ఆ మాత్రలు పూర్తిగా ఆపేయమన్నారు. మొదట నొప్పి పెరుగుతుందని, వారం పది రోజులు ఓర్చుకోవాలని ముందే చెప్పారు. వాంతులకి మందు ఇచ్చారు. రాత్రిపూట వేసుకోవడానికి ఎమిట్రిప్టిలిన్ అనే చిన్న మాత్ర రాశారు. అది నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాదు, నొప్పి రాకుండా రోజూ వేసుకునేది. నోరు ఎండిపోతుంది, పొద్దున కాస్త మత్తుగా ఉంటుంది. ఇవీ ఆయన చెప్పినవే.

ఆ 12 రోజులు అవే. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా నాకు సరిగ్గా గుర్తు లేదు. గిన్నె చప్పుడైనా ఏడ్చాను. చేతులు వణికాయి, గుండె దడ, కడుపులో నీళ్లు కూడా నిలవలేదు. మా ఆయన ఇంట్లో ఉన్న షీట్లన్నీ ఏరి బయట పారేశారు. మూడో రాత్రి నేను హుక్కుల డబ్బాలో ఒకటి ఉండి ఉంటుందని షాపు తాళాలు అడిగాను. ఆయన ఇవ్వలేదు. ఆ కోపంలో అనకూడని మాటలు అన్నాను. తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ కూర్చున్నారు గానీ తాళాలు ఇవ్వలేదు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. పాలవాడి సైకిల్ గంట వినిపించింది. నొప్పి కోసం తడుముకున్నాను, లేదు. సంక్రాంతి తర్వాత మొదటిసారి తలలో ఏమీ లేకుండా లేచాను. మళ్లీ మధ్యాహ్నానికి వచ్చింది, అయినా ఆ పొద్దున నాకు గుర్తుండిపోయింది.

ఇప్పుడు మీతో చెప్పాల్సిన అసలు మాట. ట్రయల్‌కి వచ్చి ‘తలనొప్పిగా ఉంది’ అన్న ప్రతి ఒక్కరికీ నేను ఆ సొరుగు తీసి మాత్ర ఇచ్చాను. మంచినీళ్లతో పాటు ఇచ్చాను, ప్రేమగానే ఇచ్చాను. బెంగాల్ నుంచి వచ్చి మన మగ్గం మీద పనిచేసే అబ్బాయిలకి నాలుగు గంటల టీతో బిస్కెట్టు ఇచ్చినట్టే మాత్ర ఇచ్చాను. వాళ్లలో ఒకతను దాదాపు రోజూ అడిగేవాడు. అతని వయసు 22. అతన్ని ఇలా తయారు చేసింది నేనేనని తెలిశాక నాకు బాధ ఆగలేదు. గత నెల అతన్ని కూడా డాక్టరుకి చూపించాను.

అందుకని, మీలో ఎవరికైనా బ్యాగులో ఎప్పుడూ షీటు ఉంటే, ఒక్క నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకున్నారో లెక్క రాసుకోండి. లెక్క ఎక్కువ వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నన్ను చూసి మీకు మీరే ఆపేయకండి. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి గట్టి మందులు అలవాటైన వాళ్లు ఉన్నపళంగా ఆపితే ప్రమాదమట. అలాగే, ఎప్పుడూ లేనంత నొప్పి పిడుగులా ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చెయ్యి, కాలు, మాట తేడా చేసినా, 50 దాటాక కొత్తగా తలనొప్పి మొదలైనా, లెక్కలు రాసుకుంటూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

షాపు సంగతికి వస్తాను. ఇకనుంచి పొద్దున 10 నుంచి రాత్రి 7 వరకే. ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా భోజనం, ఆ గంట నేను కత్తెర ముట్టుకోను. వారానికి 6 పెళ్లి జాకెట్లకి మించి ఒప్పుకోను. మగ్గం పని ఉన్న జాకెట్టుకి 21 రోజుల ముందు బట్ట ఇవ్వాలి. ‘రేపటికి కావాలి అక్కా’ అంటే లేదని చెప్పడం నాకు చాలా కష్టం, కానీ చెబుతాను. వేరే షాపుకి వెళ్తే నేనేమీ అనుకోను. ఆది జాకెట్టుకీ, మీ ముక్కకీ ఒకే నంబరు రాసిన గుడ్డపీలిక మీ ముందే కుట్టేస్తాం. కటింగ్‌కి ముందు ఇద్దరం నంబర్లు చదువుకుంటాం. ముద్ర వేసే పని బయట వసారాలోకి మార్చాను, వాసన గదిలో నిలవదు. మగ్గం చట్రాలు నాలుగంగుళాలు పైకి లేపించాం. నాకు దగ్గరి చూపుకి అద్దాలు వచ్చాయి. టీ రెండుకి తగ్గింది.

తలనొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. పాల లెక్క వేసుకునే గోడ క్యాలెండర్ మీదే మా అమ్మాయి నొప్పి వచ్చిన రోజు ఎర్రచుక్క, నొప్పి మాత్ర వేసుకున్న రోజు అడ్డగీత పెడుతోంది. ఆశ్వయుజంలో 9 చుక్కలు, 4 గీతలు. ఇప్పుడు నొప్పి మాత్ర వారానికి రెండు రోజులు మించకూడదని డాక్టరు మాట, మించలేదు.

ఆలస్యమైన 19 మందికీ ఫాల్, పికో ఈసారి నా తరఫున ఉచితం, చీర తెచ్చుకోండి. సర్దుతుంటే పేరు లేని ఆది జాకెట్లు ఏడు బయటపడ్డాయి. ఒకటి మెరూన్, చేతికి చిన్న నీలం గుండీ ఉంది. మీదైతే రాత్రి ఏడు గంటల లోపల వచ్చి తీసుకెళ్లండి.