స్పోర్ట్స్ పబ్‌లో భోజనానికి వచ్చేవారినీ గుర్తించాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటికి దగ్గర్లో ఉండే స్పోర్ట్స్ పబ్ అనగానే పెద్ద తెరలు, కేకలు, గ్లాసులే చర్చకు వస్తాయి గానీ, అక్కడికి వచ్చేవారిలో చాలామంది కడుపు నింపుకోవడానికే వస్తారన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. పని ముగించుకుని, ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించే ఓపిక లేక, టేబుల్ ముందుగా రిజర్వ్ చేసుకోవడం, మంచి బట్టలు వేసుకుని బయల్దేరడం వంటి హంగులేవీ లేకుండా ఓ ప్లేటు తెప్పించుకుని, ఆట చూస్తూ తిని వెళ్ళిపోవడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఒంటరిగా ఉండేవారికైతే మరీను. నలుగురూ కుటుంబాలతో కూర్చున్న హోటల్లో ఒక్కరే తినడానికి మొహమాటపడే మనిషి ఇక్కడ నిశ్చింతగా తినగలడు, ఎందుకంటే అందరి చూపూ తెర మీదే ఉంటుంది. పక్క కుర్చీలో ఉన్న ముక్కూమొహం తెలియని వ్యక్తిని స్కోరెంత అని అడిగితే చాలు, మాట కలుస్తుంది. ఇంత మేలు చేసే చోటు కాబట్టే, అక్కడ తినడానికి వచ్చినవారి ఇబ్బందుల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది చప్పుడు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. చుట్టూ హోరు పెరిగినప్పుడు మనకు తెలియకుండానే గొంతు పెంచుతామన్న విషయాన్ని ఫ్రెంచి వైద్యుడు ఎటియన్ లొంబార్డ్ 1911లోనే వివరించాడు; పబ్‌లో జరిగేది అచ్చంగా అదే. కామెంటరీ వినబడాలని స్పీకర్ పెంచుతారు, దాన్ని దాటి మాట్లాడాలని ఒక టేబుల్ వారు గొంతు పెంచుతారు, వారి వల్ల పక్క టేబుల్ వారు పెంచుతారు, చివరికి కామెంటరీ వినబడటం లేదని మళ్ళీ స్పీకర్‌నే పెంచుతారు. అద్దాల గోడలు, గచ్చు నేల, పరదాలు లేని కిటికీలు ఆ హోరును పీల్చుకోకుండా తిప్పికొడతాయి. స్పీకర్ కింద కూర్చున్న ఇద్దరు స్నేహితులు ప్లేట్ల మీదికి వంగి, ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ, చివరికి విసిగి మాటలు మానేసి తిండి ముగించడం నేను చాలాసార్లు చూశాను. తాపీగా కబుర్లు చెప్పుకుంటూ తిందామని వచ్చినవారికి అదేం భోజనం?

అంతకంటే బాధ కలిగించేది వడ్డించేవారి పరిస్థితి. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేయకూడదని, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గించుకోవాలని అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు చేస్తోంది. ఆ లెక్కన 94 డెసిబెల్స్‌లో గడపదగినది ఒక్క గంటే. మనం గంటలో తిని లేచిపోతాం, వారు మాత్రం షిఫ్టు ముగిసేదాకా అందులోనే తిరగాలి. రెండు పెద్ద స్పీకర్లకు బదులు చిన్నవి ఎక్కువ చోట్ల తక్కువ ధ్వనిలో పెట్టడం, పైకప్పుకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు బిగించడం, ఒక మూలనైనా చప్పుడు లేకుండా తెర మీద ఆట, దాని కింద కామెంటరీ అక్షరాలు మాత్రమే కనిపించే ఏర్పాటు చేయడం యజమానులకు తలకు మించిన పనులు కావు.

ఇక వంటగది సంగతి. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాల ఆట, 15 నిమిషాల విరామం అన్నది అందరికీ తెలిసిన లెక్కే, అయినా విరామం విజిల్ వినబడగానే ప్రతి టేబుల్ నుంచీ ఒక్కసారిగా ఆర్డర్లు పడితే వంటగది అది ఊహించని ఉపద్రవమైనట్టు తల్లడిల్లుతుంది. తొందరలో వేపుడు బుట్టను నిండా నింపేస్తారు. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాల్సిన నూనె చల్లబడిపోతుంది, బుడగలు నెమ్మదిస్తాయి, ముక్కలు కరకరలాడకుండా మెత్తగా, నూనె ఓడుతూ ప్లేటులోకి వస్తాయి. ముందే వండి పెట్టుకుందామంటే అది ఇంకో చిక్కు: వేడి పదార్థాలను 60 డిగ్రీలకు పైనే ఉంచాలని, వండినదాన్ని గది వేడిమిలో రెండు గంటలకు మించి వదిలేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి పెద్ద మ్యాచ్ ఉన్న రోజున మెనూను కుదించి, విరామానికి పది నిమిషాల ముందే టేబుళ్ళ దగ్గరకు వచ్చి ఆర్డర్లు తీసుకుంటే బాగుంటుంది. ఎంతసేపు పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పినా చాలు. అరగంట అని చెబితే ఓపికగా కూర్చుంటాం, 'ఇదిగో, అయిపోయింది' అని నాలుగుసార్లు చెబితేనే కోపం వస్తుంది. విజిల్ కోసం ఎదురుచూడకుండా కాస్త ముందే ఆర్డర్ చెప్పే అలవాటు మనకూ ఉండాలి.

అన్నిటికంటే నాకు అభ్యంతరకరంగా తోచేది, ఆట ఇంకా నడుస్తుండగానే వంటగది మూసేసి బార్‌ను మాత్రం తెరిచి ఉంచడం. కడుపులో ఆహారం ఉన్నప్పుడు మద్యం చిన్నపేగులోకి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి రక్తంలోనూ నెమ్మదిగా కలుస్తుంది; ఖాళీ కడుపున తాగితే నిషా త్వరగా తలకెక్కుతుంది. నాకౌట్ మ్యాచ్ 90 నిమిషాల్లోనే తేలుతుందన్న హామీ ఏమీ లేదు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్లో అర్జెంటీనా, ఫ్రాన్స్ 90 నిమిషాలకు 2-2తో, అదనపు సమయం తర్వాత 3-3తో సమంగా నిలిచి, చివరికి పెనాల్టీల మీద 4-2తో తేల్చుకున్నాయి. అటువంటి రాత్రి, ఉత్కంఠలో గ్లాసులు ఖాళీ అవుతున్న వేళ, తినడానికి ఏమైనా ఉందా అని అడిగితే వంటవాళ్ళు వెళ్ళిపోయారన్న జవాబు రాకూడదు. పూర్తి మెనూ అక్కర్లేదు; వేడిగా ఒకటి రెండు పదార్థాలు, అడగకుండానే టేబుల్ మీదికి వచ్చే మంచినీళ్ళు ఉంటే చాలు.

మద్యం ముట్టకుండా భోజనం మాత్రమే చేసి వెళ్ళేవారి పట్ల కొన్నిచోట్ల కనబడే నిర్లక్ష్యాన్ని కూడా యజమానులు సరిచేయాలి. రద్దీ రోజున టేబుల్ ఎంతసేపు ఇవ్వగలరో కూర్చునేముందే చెప్పడం న్యాయం. ముద్ద నోట్లో ఉండగా బిల్లు తెచ్చి పెట్టడం న్యాయం కాదు. వచ్చే పెద్ద టోర్నీ మొదలయ్యేలోగా పబ్ యజమానులు వీటిలో కొన్నింటినైనా అమలు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు