పరలోక ప్రార్థనలో ‘ఋణస్థుల’ జోలికి వెళ్లకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నెల కిందట ఒక ఆదివారం మా చర్చిలో పరలోక ప్రార్థన, అంటే యేసు నేర్పిన ‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే ప్రార్థన, మధ్యలో ఆగిపోయింది. నాకు ఊహ తెలిశాక అలా జరగడం అదే మొదటిసారి. యువజన విభాగం పిల్లలు ప్రార్థనను ‘సులభమైన తెలుగు’లో తిరగరాసి స్క్రీన్ మీద వేశారు. ముందు వరసల కుర్రాళ్లు అది చూసి చదువుతున్నారు. వెనక కూర్చునే పెద్దవాళ్లకు స్క్రీన్ ఆనదు, వాళ్లకు దాని అవసరమూ లేదు, నోటికొచ్చిన పాత మాటలే చెప్పుకుంటూ పోయారు. రెండు జట్లూ ‘క్షమించు’ దగ్గర గుద్దుకున్నాయి. పాస్టరుగారు మైకులో పాతదే అందుకుని ఎలాగో ఆమేన్ దాకా లాక్కొచ్చారు. మిగతా గొడవంతా వాట్సాప్ గ్రూపులో నడిచింది. ఇలాంటి ప్రయత్నాలు పక్క ఊళ్ల సంఘాల్లోనూ మొదలయ్యాయని విన్నాను, అందుకే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. పిల్లల ఇబ్బంది నాకు తెలియంది కాదు. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని చెప్పిస్తుంటే మా మనవరాలు, “తాతయ్యా, దయచేయండి అంటే ఇక వెళ్లిరండి అని కదా?” అంది. ఏం చెప్పను? ‘శోధన’ది ఇంకా పెద్ద చిక్కు. చర్చిలో ఆ మాటకు పాపంలోకి లాగే పరీక్ష అని అర్థం, చర్చి బయట మాత్రం వెతకడం, ఆరా తీయడం అనే అర్థాలే మిగిలాయి. ‘మమ్మును శోధనలోకి తేక’ అంటే పోలీసులు సోదాకు రాకుండా చూడమని అడగడమేమో అనుకున్నాడట ఒక కుర్రాడు. మనం చెప్పేది బైబిల్లో మత్తయి సువార్తలోది, లూకా సువార్తలో ఇదే ప్రార్థన కాస్త పొట్టిగా ఉంటుంది. అక్కడ ‘మాకచ్చియున్న ప్రతి వానిని’ అని వస్తుంది. అచ్చియుండటమంటే బాకీపడి ఉండటం. నా దగ్గర చదువుకుని టీచర్లయినవాళ్లలో కూడా ఇది చెప్పగలిగినవాళ్లు తక్కువే.

పాత మాటలు ముట్టుకోకూడదు, అవి దేవుడి నోట వచ్చినవి అని గ్రూపులో ఒక పెద్దాయన రాశారు. ఆయనంటే నాకు గౌరవమే గాని, ఆ మాట ఒప్పుకోలేను. యేసు అరామిక్‌లో నేర్పినది మత్తయి, లూకా గ్రీకులో రాశారు. విశాఖపట్నంలో 1805లో అడుగుపెట్టిన లండన్ మిషన్ వాళ్లు స్థానిక పండితుల సాయంతో తెలుగు చేయడం మొదలుపెడితే, 1812లో మొదటి సువార్తలు అచ్చయ్యాయి. మొత్తం బైబిలు తెలుగులో వచ్చేసరికి 1854 అయింది. ఆ అనువాదాలు చేసినవాళ్లు మాత్రం మార్చకుండా ఉన్నారా? గ్రీకులో ఉన్నది రొట్టె. మనకిచ్చింది ‘ఆహారము’. ఆర్సీఎం వాళ్లయితే, అంటే రోమన్ కేథలిక్కులు, ఏకంగా ‘అన్నము’ అనే అంటారు. మన పళ్లెంలో ఉండేది ఏమిటో చూసి రాశారు, బాగా చేశారు. ఆ రొట్టెకు ముందున్న గ్రీకు విశేషణం ఈ ప్రార్థనలో తప్ప పాత గ్రీకు రాతల్లో ఇంకెక్కడా దొరకదని పండితులు తల పట్టుకుంటారు. ‘అనుదిన’ అన్నది ఒక ఊహ, మంచి ఊహే.

మా ఆవిడ ఆర్సీఎం, నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). నలభై ఏళ్లుగా మా ఇంట్లో రాత్రి ప్రార్థన రెండు పాఠాల్లో నడుస్తోంది. నేను ‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ అంటాను, ఆవిడ ‘మీ నామము పూజింపబడును గాక’ అంటుంది. నేను దేవుణ్ణి నువ్వంటాను, ఆవిడ మీరంటుంది. వాళ్ల పుట్టింట్లో తండ్రిని మీరనే పిలిచేవారు, మా ఇంట్లో నువ్వు, నువ్వే. ‘రాజ్యము, బలము, మహిమ’ అన్న చివరి వాక్యం వాళ్ల పాఠంలో లేదు. మత్తయి సువార్త పాత రాతప్రతుల్లోనూ లేదు. కాబట్టి ఆవిడ నాకంటే ముందే ముగించి, నేను వచ్చేదాకా కళ్లు మూసుకుని ఆగుతుంది.

ఇక శోధన సంగతి. దేవుడే మనల్ని శోధనలోకి నెడతాడన్నట్టు వినిపించే అనువాదం మంచిది కాదని 2017 డిసెంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఒక ఇటలీ టీవీ చానల్లో అన్నారు. మనిషిని అలా పడదోసేది సైతానే గాని తండ్రి కాదన్నారు. ఆ నెల 3వ తేదీ నుంచే ఫ్రాన్స్‌లోని కేథలిక్కులు ‘మమ్మల్ని శోధనలో ప్రవేశించనివ్వకు’ అనే కొత్త మాటకు మారారు. ఇటలీవాళ్లు 2020 చివరి నుంచి ‘శోధనకు మమ్మల్ని వదిలేయకు’ అంటున్నారు. జర్మనీ బిషప్పులు మాత్రం కూర్చుని ఆలోచించి, పాతదే ఉంచుతామని 2018లో తేల్చేశారు. ఈ వార్త చదివిన రోజు నేను పేపరు పక్కన పెట్టి మా ఆవిడను తన ప్రార్థన మళ్లీ చెప్పమన్నాను. ‘మమ్ము శోధనయందు ప్రవేశింపనివ్వక...’ అంది. ఫ్రెంచివాళ్లు అంత చర్చ చేసి చేరిన చోటికి మా వంటగది ఎప్పుడో చేరిపోయింది! ‘ఎవడైనను శోధింపబడినప్పుడు నేను దేవునిచేత శోధింపబడుచున్నానని అనకూడదు’ అని యాకోబు పత్రికలో ఉండనే ఉంది. మా పాఠంలో ‘తేక’ అన్న ఒక్క మాట సరిచేసుకుంటామంటే నేను చెయ్యెత్తుతాను. గ్రీకు మాటకు ‘తేవడమే’ సరైన అర్థమనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల వాదనా గట్టిదే. తేలేదాకా పాతదే చెబుదాం.

కానీ మా పిల్లలు ‘తేక’ను వదిలేశారు. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము’ను మాత్రం ‘మాకు తప్పు చేసినవాళ్లను మేము క్షమించినట్టు మా తప్పులు క్షమించు’ అని మార్చారు. అప్పుల గోల ప్రార్థనలో ఎందుకు, వినేవాళ్లకు నెగెటివ్‌గా ఉంటుంది అని ఒక అబ్బాయి వివరించాడు. నా గొడవ ఇక్కడ.

మత్తయి రాసింది అప్పనే. యేసు మాట్లాడిన అరామిక్‌లో అప్పుకూ పాపానికీ మాట ఒకటే. కేథలిక్ పాఠంలో ‘మా యొద్ద అప్పుబడిన వారిని’ అని ఇంకా తేటగా ఉంది. తప్పు అన్నది గాలిలో మాట. ఎవరు ఎవరికి ఏం తప్పు చేశారో లెక్క ఉండదు, క్షమించేశాను అనుకుంటే సరిపోతుంది. అప్పుకు అంకె ఉంటుంది, ప్రోనోటు ఉంటుంది, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉంటుంది.

మా నాన్న పొగాకు రైతు. ఒక మంచి సంవత్సరంలో చేతిలో నాలుగు డబ్బులు ఆడితే, మా చర్చిలోనే ఉండే ఒకాయనకు నూటికి రెండు రూపాయల వడ్డీకి పదివేలు ఇచ్చారు. ఆయన తీర్చలేకపోయాడు. ఇద్దరూ మగవాళ్ల వైపు రెండో వరసలోనే కూర్చునేవాళ్లు, మధ్యలో నేను. ‘మా ఋణస్థులను’ దగ్గరికి వచ్చేసరికి నాన్న గొంతు తగ్గిపోయేది, ఒక్కోసారి సరిగ్గా అక్కడే దగ్గొచ్చేది. అవతలి ఆయన మాత్రం ఆ వాక్యం కాస్త గట్టిగానే చెప్పేవాడు. పన్నెండేళ్ల వాణ్ణి, నాకు నవ్వాగేది కాదు. మూడేళ్లు దాటితే ప్రోనోటుకు కాలదోషం పడుతుంది, ఈలోగా తిరగరాయించుకోవాలి. అమ్మ రెండుసార్లు గుర్తుచేసింది. నాన్న వెళ్లలేదు. క్షమించారో, మొహమాటపడ్డారో, వారం వారం ఆ వాక్యం దగ్గర దగ్గలేక విసిగిపోయారో నాకు తెలీదు. అడిగితే, “పోనీలేరా” అన్నారు. అక్కడ ‘తప్పులు’ అని ఉండి ఉంటే నాన్నకు దగ్గొచ్చేదా?

ఇంగ్లండులో 2023 జూలైలో యార్క్ ఆర్చిబిషప్ ‘మా తండ్రీ’ అన్న మాట గురించే మాట్లాడారు. కన్నతండ్రి చేతిలో నరకం చూసినవాళ్లకు ఆ పిలుపు కష్టంగా ఉంటుందని అన్నారు. మార్చేయండని ఆయన అనలేదు, పేపర్లు మాత్రం అన్నంత హడావుడి చేశాయి. కొట్టిపారేసే సంగతి కాదిది. సారా మాన్పించడానికి ఆడవాళ్లు వీధికెక్కిన నేల మనది, తాగొచ్చి కొట్టే తండ్రులు మనకు కొత్తా? నా దగ్గర చదువుకున్న ఒకావిడ ఆ మొదటి మాట వదిలేసి ‘నీ నామము’ నుంచి అందుకుంటానని నాతో చెప్పింది. ఆవిడకు చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. అలా అందుకుంటే తప్పేమీ లేదని మాత్రం అన్నాను. ఆవిడ కోసం అందరి నోటా ఆ మాట తీసేయాలని ఆవిడా అడగలేదు.

సంఘాల పెద్దలను నేను అడిగేది ఇంతే. ఏ చర్చికి ఆ చర్చి శనివారం రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని ఈ ప్రార్థన తిరగరాయడం ఆపించండి. పెళ్లిలోనూ, సమాధి దగ్గరా పది ఊళ్లవాళ్లు కలుస్తారు. పుస్తకం లేకుండా అందరూ కలిసి చెప్పగలిగేది ఇదొక్కటే. మార్చక తప్పదనుకుంటే సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు, ఆర్సీఎం పెద్దలు గ్రీకు తెలిసినవాళ్లనూ తెలుగు తెలిసినవాళ్లనూ పక్కన పెట్టుకుని ఒక చోట కూర్చోండి. ఎన్నేళ్లు పట్టినా పట్టనివ్వండి. మార్పు ఏదైనా అందరూ ఒకే ఆదివారం మొదలుపెట్టేలా చూడండి. అందాకా సండే స్కూల్లో ‘దయచేయుము’కూ ‘శోధన’కూ అర్థం చెబితే పోయేదేమీ లేదు, పిల్లలు మనం అనుకున్నంత మొద్దులు కారు.

మా కమిటీ వచ్చే నెల మళ్లీ కూర్చుంటోంది. ‘ఋణస్థులు’ మీద పది నిమిషాలు మాట్లాడమని ఆ కుర్రాళ్లే నన్ను పిలిచారు. చాలదన్నాను. పదిహేను ఇచ్చారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా