తుక్కులోకి పోతున్న సీఆర్ఓలు, కాగితాల కొట్టుకు పోతున్న మాన్యువళ్ళు

సంపాదక మహాశయులకు నమస్కారం.

కాలేజీలు, ప్రయోగశాలలు కండెమ్ చేసే, అంటే ఇక పనికిరావని పక్కన పెట్టే, పాత ఎలక్ట్రానిక్ పరికరాల గురించి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయదలచాను. సీఆర్ఓలు (విద్యుత్ సంకేతాలను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపులు), పరీక్షలకు సంకేతాలు పుట్టించే సిగ్నల్ జనరేటర్లు, పవర్ సప్లైలు, ముల్లున్న మల్టీమీటర్లు విరిగిన బెంచీలతో, ఇనుప సామానుతో కలిసి కిలోల లెక్కన వేలంలో పోతున్నాయి. వాటి సర్వీసు మాన్యువళ్ళు వేరే బీరువాలో ఉంటాయి కనుక పాత కాగితాలతో పాటు మరొకరి చేతికి పోతున్నాయి. ఇలాంటి పరికరాలను ముప్పై ఏళ్ళుగా ఇంట్లో బాగుచేసుకుంటున్న నా అనుభవంలో, ఈ రెండూ విడిపోవడమే అసలు నష్టం.

నాలుగేళ్ళ క్రితం ఒక తుక్కు దుకాణంలో టెక్‌ట్రానిక్స్ 465 సీఆర్ఓ నా కంటపడింది. ఇది 1972లో వచ్చిన మోడల్. రెండు చానళ్ళతో 100 మెగాహెర్ట్జ్ వరకు చూపిస్తుంది. ఇంటికి తెచ్చి, వెనక ఉన్న వోల్టేజీ సెలెక్టరు మన 230 వోల్టులకే ఉందని నిర్ధారించుకున్నాక, ముందుగా సీరీస్ బల్బు గుండా కరెంటు ఇచ్చాను. లోపల పెద్ద షార్టుంటే ఆ బల్బే నిండుగా వెలిగి పరికరాన్ని కాపాడుతుంది. బల్బు నిండుగా వెలగలేదు కనుక ట్రాన్స్‌ఫార్మర్ క్షేమమనుకుని నేరుగా ఇచ్చాను. ఫ్యాను తిరిగింది కానీ తెర మీద గీత రాలేదు. ఈ స్కోపులో 110, 55, 15, 5, మైనస్ 8 వోల్టుల సప్లైలు ఉంటాయి. నాలుగు సరిగానే ఉన్నాయి, 15 వోల్టులది మాత్రం సున్నా దగ్గర నిలిచిపోయింది. కరెంటు తీసేసి కొలిస్తే ఆ లైనుకూ గ్రౌండుకూ మధ్య రెండు ఓములు కూడా లేవు, అంటే ఆ లైను మీద ఎక్కడో షార్టుంది.

ఇలాంటి షార్టుకు ముందు అనుమానించాల్సినవి కెపాసిటర్లు. ఆ లైను మీద అవి ఒక్కచోట ఉండవు, బోర్డులన్నిటా చెదిరి ఉంటాయి. నా పాత సహోద్యోగి ఒకరు ఆ మోడల్ మాన్యువల్ దాచుకోబట్టి, లైను ఎక్కడెక్కడ చీలుతుందో చూసుకుని, ఒక్కో శాఖనూ విడదీస్తూ రెండు సాయంత్రాల్లో దోషం పట్టుకోగలిగాను. శనగగింజంత టాంటాలమ్ కెపాసిటర్ ఒకటి లోపల షార్టయింది. కోఠిలో కొన్ని రూపాయలకు దొరికిన 35 వోల్టుల కెపాసిటర్ వేశాక ఆకుపచ్చ గీత వచ్చింది. స్కోపు తన్ను తాను సరిచూసుకోవడానికి ముందు ప్యానెల్ మీదున్న కాలిబ్రేటరు పిన్నుకు ప్రోబు (కొలిచే తీగ) తగిలిస్తే ఒక కిలోహెర్ట్జ్, 300 మిల్లీవోల్టుల చదరపు తరంగం అంచులు చెక్కినట్టు నిలిచింది. ఆ రాత్రి చాలాసేపు దాన్ని ఆపబుద్ధి కాలేదు.

అదే రోజు కొన్న మరో పరికరం, మన దేశంలోనే తయారైన ఫంక్షన్ జనరేటరు, ఇప్పటికీ అటక మీదే ఉంది. తయారీదారు ఐసీల (లోపలి చిప్పుల) మీద నంబర్లు గీకేశాడు. సర్క్యూటు కాగితం లేదు. విదేశీ కంపెనీల పాత మాన్యువళ్ళు చాలావరకు ఇంటర్నెట్‌లో స్కాన్ ప్రతులుగా దొరుకుతాయి. మన దేశపు చిన్న కంపెనీల మాన్యువళ్ళు నేను వెతికినంతలో దొరకలేదు. కాలేజీ బీరువాలో ఉన్న ఆ ఒక్క ప్రతి పొట్లాల కాగితమైతే ఆ పరికరం గుట్టు దానితోనే పోతుంది. అందుకే దేశీయ పరికరాల మాన్యువళ్ళ మీద నాకు ఇంత ఆరాటం.

ఈ పనికి పూనుకునే యువకులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. స్కోపు గ్రౌండు క్లిప్పు వల్ల షార్టవుతోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు మన ల్యాబుల్లో నేను చాలా చోట్ల చూశాను. అలా తీశాక క్లిప్పు పొరపాటున ఫేజుకు తగిలితే స్కోపు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. దాన్ని ముట్టుకున్న మనిషి ప్రాణానికే ప్రమాదం. పరీక్షిస్తున్న పరికరాన్ని మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టాలి గాని స్కోపు ఎర్త్ తీయకూడదు. పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులుంటాయి, స్విచ్ ఆపాక కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. దగ్గరుండి చూపించే అనుభవజ్ఞుడు లేకుండా ఆ భాగంలో చేయి పెట్టవద్దు.

ఇంట్లో బాగుచేసిన పరికరం, ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో కాలిబ్రేషన్ చేయించిన, అంటే కొలతలు సరిచూయించిన, పరికరానికి సాటి అని నేననడం లేదు. నేర్చుకునే విద్యార్థికి ఆ కచ్చితత్వం అక్కర్లేదు. 1967లో ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడిన నగరం మన హైదరాబాద్. ఈ చేతిపని తెలిసిన విశ్రాంత ఉద్యోగులకు ఇక్కడ కొదవ లేదు. విద్యార్థుల్లోనూ ఆసక్తి కనిపిస్తోంది. మధ్యలో తెగిపోతున్నది పరికరం చేరే దారి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. అందులో ఎంచుకున్నవి సేద్యపు యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాల వంటి రంగాలు. ప్రయోగశాల పరికరాల కోసం కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కండెమ్ చేసే కమిటీ ప్రతి పరికరాన్నీ దాని మాన్యువల్‌తో కట్టగట్టి, తుక్కు వేలానికి ముందు నెల రోజులు విడివిడిగా విద్యార్థులకూ మరమ్మతుదారులకూ నామమాత్రపు ధరకు ఇవ్వవచ్చు. మిగిలినవాటిని ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన రీసైక్లర్లకే అప్పగించాలి. దేశీయ పరికరాల మాన్యువళ్ళను ఇచ్చేముందు ఒకసారి స్కాన్ చేసి కాలేజీ గ్రంథాలయంలో ఉంచాలి.

ఏ పరికరం బాగుపడుతుందో, ఏది విడిభాగాలకు మాత్రమే పనికొస్తుందో వేరుచేయడానికి మనుషులు కావాలంటే నాలాంటి వాళ్ళం ప్రతిఫలం లేకుండా వస్తాం. జంటనగరాల్లో ఏ ప్రభుత్వ కళాశాల పిలిచినా నా మల్టీమీటరు, సీరీస్ బల్బు నేనే తెచ్చుకుంటాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
సికింద్రాబాద్